వడగళ్లు తగ్గాలి, వాన పెరగాలి: ఒకే మందుతో రెండూ అవుతాయా?

మబ్బుల_బాబు:
చాన్నాళ్ల నుంచి ఒక డౌటు ఉండిపోయింది, తెలిసినోళ్లు కాస్త చెప్పండి. మేఘమథనం అంటే విమానంతో సిల్వర్ అయొడైడ్ చల్లి వాన కురిపించడం అనే ఇన్నాళ్లూ అనుకున్నా. కెనడాలో ఆల్బర్టా అనే చోట 1996 నుంచి అదే సిల్వర్ అయొడైడ్ చల్లుతున్నారు గానీ వాన కోసం కాదంట, వడగళ్ల సైజు తగ్గించడానికంట, పైగా ఖర్చు పెట్టుకునేది గవర్నమెంట్ కాదు ఇన్సూరెన్స్ కంపెనీలు. అమెరికాలో నార్త్ డకోటా వాళ్లయితే ఒకే ప్రోగ్రాంలో వడగళ్లు తగ్గిస్తాం, వాన కూడా పెంచుతాం అంటున్నారు. ఐసు పుట్టించే పొడి చల్లితే వడగళ్లు ఇంకా ఎక్కువ పడాలి కదా, తగ్గడం ఏంటి? నా బుర్రకి ఎక్కట్లేదు.

చినుకు_చుక్క:
ఐసు ఎక్కువే అవుద్దండీ, కిటుకంతా అక్కడే ఉంది. మేఘం పైభాగంలో ఉండే నీటి బిందువులు సున్నా డిగ్రీల కిందకి పోయినంత మాత్రాన గడ్డకట్టవు. గడ్డకట్టడానికి ఏదో ఒక రేణువు ఆసరా కావాలి, అది దొరక్కపోతే దాదాపు మైనస్ 38 దాకా నీళ్లలాగే ఉండిపోగలవు. సిల్వర్ అయొడైడ్ స్ఫటికం అమరిక ఐసుకి బాగా దగ్గరగా ఉంటది కాబట్టి ఇంచుమించు మైనస్ 5 నుంచే పని మొదలెడుద్ది. ఇది 1946లో బెర్నార్డ్ వాన్నెగట్ అనే అమెరికా సైంటిస్టు కనిపెట్టాడు, అదే ఏడాది విన్సెంట్ షేఫర్ అనే ఇంకో సైంటిస్టు విమానంలోంచి డ్రై ఐసు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) చల్లి మేఘంలో మంచు పుట్టించి చూపించాడు.

ఇక వడగల్లు సంగతి. చిన్న ఐసు ముక్క ఒకటి పైకి తన్నే గాలిలో తేలుతూ దారిలో తగిలిన ఈ అతిచల్లటి నీళ్లన్నీ ఒంటికి పూసుకుంటూ లావెక్కుద్ది. ముక్కలు కొన్నే ఉండి నీళ్లు బోలెడున్నాయనుకోండి, ఒక్కోటి గట్టిగా బలిసిపోద్ది. అదే లక్షల ముక్కలుంటే? పది మందికి వండిన అన్నానికి వంద మంది కూర్చుంటే ఎవరికీ కడుపు నిండదు. చిన్నగా మిగిలిపోయినవి కిందకి దిగేటప్పుడు వెచ్చటి గాలిలో కరిగి వాన చినుకులై పడతాయి. వాన పెంచే కేసులో కూడా సూత్రం అదే, నీళ్లుండి కూడా గడ్డకట్టించే రేణువులు చాలని మేఘానికి ఆ రేణువులు ఇస్తున్నారు అంతే. కాకపోతే ఇదంతా థియరీ, మేఘం మన మాట వినాలని రూలేం లేదు.

రెక్క_చివర:
పైవాళ్లు చెప్పనిది ఒకటుంది, ఎప్పుడు ఎక్కడ చల్లారన్నదే అసలు ఆట. పెద్ద ఉరుముల మేఘం మధ్యలోకి విమానం పోదు, పోతే తిరిగి రాదు. దాని పక్కన కొత్తగా పొంగుతున్న పిల్ల మేఘాలుంటాయి చూడండి, రేపో మాపో కాదు ఇంకొన్ని నిమిషాల్లో వడగళ్లు కాసేవి అవే, టార్గెట్ అవే. ఒక విమానం మేఘం అడుగున వాన పడని చోట తిరుగుద్ది, పైలట్ ఇంజన్ పవర్ పెంచకుండానే విమానం దానంతటదే పైకి లేస్తుంటే అప్‌డ్రాఫ్ట్, అంటే పైకి తన్నే గాలి, దొరికినట్టు లెక్క, అప్పుడు రెక్క వెనక అంచున వరసగా బిగించిన ఫ్లేర్లు (సిల్వర్ అయొడైడ్ మిశ్రమం నింపిన, మండితే పొగ వదిలే గొట్టాలు) ఒక్కోటి వెలిగిస్తారు, ఆ పొగని గాలే పైకి లాక్కుపోద్ది. ఇంకోటి పైనుంచి పోతూ చిన్న ఫ్లేర్లని పిల్ల మేఘాల తలల్లోకి జారవిడుస్తది. చిన్నవాటిలో 20 గ్రాముల మిశ్రమం, రెక్కకి కట్టేవాటిలో 150 గ్రాములు ఉండడం మామూలు. ఆలస్యం అయితే వడగళ్లు అప్పటికే తయారై ఉంటాయి, ఇంకేం చల్లినా దండగే.

లెక్కల_పిచ్చోడు:
వినడానికి అంతా బానే ఉంటది అన్నా, రుజువు దగ్గరకొచ్చేసరికే ఇబ్బంది. స్విట్జర్లాండ్‌లో 1977 నుంచి 1981 దాకా సోవియట్ రాకెట్ల పద్ధతిని (మందుని విమానంతో కాకుండా రాకెట్లతో మేఘంలోకి పేల్చడం) లాటరీ వేసినట్టు కొన్ని రోజులు చల్లి కొన్ని రోజులు మానేసి పరీక్షించారు, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమెరికా కొలరాడోలో 1972లో మొదలైన పెద్ద ప్రయోగంలోనూ అంతే, తేల్చలేక ఆపేశారు. నార్త్ డకోటా వాళ్లు చూపించేది 1997లో వచ్చిన ఒక విశ్లేషణ, పంట ఇన్సూరెన్స్ లెక్కల ప్రకారం వడగళ్ల నష్టం 45 శాతం తగ్గిందని. కానీ అది లాటరీ పద్ధతిలో చేసిన పరీక్ష కాదు, కాబట్టి నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. ఒకే మేఘాన్ని చల్లీ చల్లకుండా రెండు రకాలుగా చూడలేం కదా, చిక్కంతా అదే.

వాన, మంచు విషయంలో మాత్రం కొంచెం నయం. 2017లో అమెరికాలోని ఐడహో కొండల మీద శీతాకాలం మేఘాల్లో విమానం వంకరటింకరగా చల్లుకుంటూ పోతే రాడార్‌లో మంచు కూడా అదే వంకర గీతల్లో కనపడింది, అంతకంటే ఏం కావాలి. మన దగ్గర సోలాపూర్‌లో 2018, 2019ల్లో జరిగిన ప్రయోగంలో సుమారు 18 శాతం వాన పెరిగిందని లెక్క తేల్చారు, అయితే అక్కడ వాడింది తేమని పీల్చే ఉప్పు రకం ఫ్లేర్లు, ఐసు పుట్టించే మందు కాదు. ఆ రిజల్టుని తీసుకెళ్లి వడగళ్ల ఖాతాలో వేయకూడదు.

మబ్బుల_బాబు:
ఇప్పుడు అర్థమైంది, అందరికీ థాంక్స్. ఇంకో రెండు అడుగుతా, తిట్టుకోకండి. మనం ఇక్కడ పిండేస్తే గాలివాటున ముందున్న ఊళ్లకి వాన దక్కకుండా పోదా? వెండి కదా, నేలకి నీళ్లకి విషం కాదా? ఇంకా రుజువే లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు అన్నేళ్లుగా డబ్బులెందుకు పోస్తున్నట్టు?

చినుకు_చుక్క:
గాలిలో తేమ మొత్తం ఒక్క మేఘం తాగేయదండీ, మేఘంలోకి పోయినదాంట్లో కూడా కొంతే నేలకి దిగుద్ది, కాబట్టి పక్కోళ్ల వాన దొంగతనం అనేది కాస్త ఎక్కువ చేసి చెప్పే మాట. సిల్వర్ అయొడైడ్ నీళ్లలో దాదాపు కరగదు, పైగా చల్లేది గ్రాముల లెక్కలో. అసలు మేఘమే లేని రోజున మాత్రం ఏ ఫ్లేరూ ఏమీ చేయలేదు, కరువుకి మందు అనుకుంటే పొరపాటు.

లెక్కల_పిచ్చోడు:
ఇన్సూరెన్స్ సంగతి సింపుల్. ఆ ఆల్బర్టాలోనే ఉన్న కాల్గరీ సిటీలో 2020 జూన్‌లో పడిన ఒక్క వడగళ్ల వాన ఇన్సూరెన్స్ నష్టం 100 కోట్ల డాలర్లు దాటింది, 2024 ఆగస్టులో పడింది దానికి రెండింతల పైనే. దాని పక్కన ఆ విమానాల ఖర్చు ఏపాటి, కొన్ని శాతం తగ్గినా గిట్టుబాటే అని వాళ్ల లెక్క. కానీ చూడు, ఆ రెండు వానలూ విమానాలు తిరుగుతున్న ఏళ్లలోనే పడ్డాయి. చల్లకపోతే ఇంకా ఘోరంగా ఉండేది అంటారు, అవునో కాదో చెప్పే దారి లేదు.

రెక్క_చివర:
దారి లేదని మానేయమంటావా, మరి ఆ ఇళ్ల కప్పులకి నువ్వు కడతావా డబ్బులు 😀