10 గంటల తర్వాత జీఎస్ఎస్ఏపీఐ "నో క్రెడెన్షియల్స్": కే-లిస్ట్‌లో టికెట్ ఉంది, డీమన్‌కి మాత్రం కనబడట్లేదు

డీమన్_దాసు:

లైనక్స్ మీద పైథాన్ డీమన్ (వెనకాల ఆగకుండా నడిచే ప్రోగ్రామ్) ఒకటి, 8 థ్రెడ్లు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి కెర్బరోస్‌తో (గడువున్న టికెట్లతో గుర్తింపు చూపే పద్ధతి) కనెక్ట్ అవుతుంది, లోపలి వెబ్ సర్వీస్‌ని నెగోషియేట్ హెడర్‌తో (అదే గుర్తింపుని హెచ్‌టీటీపీలో పంపే తీరు) పిలుస్తుంది. ఎంఐటీ కెర్బరోస్ 1.20, పైన పైథాన్-జీఎస్ఎస్ఏపీఐ (ప్రోగ్రామ్‌లు కెర్బరోస్‌ని పిలిచే జీఎస్ఎస్ఏపీఐ ఇంటర్‌ఫేస్‌కి పైథాన్ లైబ్రరీ). టికెట్ గడువు 10 గంటలు.

సిస్టమ్‌డీ యూనిట్‌లో (సర్వీస్‌ని నడిపే సెట్టింగుల ఫైల్) ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ దగ్గర, అంటే డీమన్ మొదలయ్యే ముందు, కే-ఇనిట్ (టికెట్ తెచ్చే కమాండ్) నడిచి కీట్యాబ్‌తో (కీ దాచిన ఫైల్) టికెట్ తెస్తుంది. ఆ తర్వాత 6 గంటలకోసారి అదే యూజర్ క్రాన్ (వేళకి కమాండ్లు నడిపేది) నుంచి మళ్ళీ కే-ఇనిట్. కోడ్‌లో క్రెడెన్షియల్ ఆబ్జెక్ట్‌ని మొదట్లో ఒక్కసారి తయారుచేసి గ్లోబల్‌గా పెట్టాం, అన్ని థ్రెడ్లూ దాన్నే వాడతాయి.

సరిగ్గా 10 గంటలకి వెబ్ కాల్స్ పడిపోతాయి. పోస్ట్‌గ్రెస్ పాత కనెక్షన్లు నడుస్తూనే ఉంటాయి, పూల్ కొత్తది తెరవబోతే ఎర్రర్. షెల్‌లో అదే యూజర్‌గా కే-లిస్ట్ (ఉన్న టికెట్లు చూపే కమాండ్) కొడితే టికెట్ తాజాగా ఉంది. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ 10 గంటలు బాగుంటుంది. లాగ్‌లో "అన్‌స్పెసిఫైడ్ జీఎస్ఎస్ ఫెయిల్యూర్" తప్ప ఏమీ లేదు.

ఇంకోటి: టెస్ట్ మెషీన్‌లో టికెట్ ఉన్నా క్రెడెన్షియల్ ఆబ్జెక్ట్ తయారవడమే లేదు. రెండూ ఒకే సమస్యా?

పోర్ట్_88:

రెండూ వేరండీ. ముందు మొదటిది.

యూనిట్ ఫైల్‌లో ప్రైవేట్‌టీఎంపీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆ సర్వీస్‌కి కనిపించే టీఎంపీ డైరెక్టరీ వేరు, మీ షెల్‌కీ క్రాన్‌కీ కనిపించేది వేరు. టికెట్ కాష్ డిఫాల్ట్‌గా టీఎంపీలో యూజర్ నంబర్‌తో ఉండే ఫైల్. ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ సర్వీస్ లోపలి టీఎంపీలో రాస్తుంది, క్రాన్ బయటి టీఎంపీలో రాస్తుంది. పేరు ఒకటే, ఫైళ్ళు రెండు. క్రాన్ 6 గంటలకోసారి తాజా చేస్తున్నది డీమన్ ఎప్పుడూ చదవని ఫైల్‌ని. రీస్టార్ట్‌తో ఎందుకు బాగవుతుందో దీంతో తేలిపోతుంది. పోస్ట్‌గ్రెస్ ఎవరన్నది కనెక్షన్ తెరిచేటప్పుడే చూస్తుంది కాబట్టి పాత కనెక్షన్లకి టికెట్ గడువుతో పనిలేదు.

నిర్ధారించుకోడానికి డీమన్ పీఐడీతో ఎన్ఎస్-ఎంటర్ ద్వారా దాని మౌంట్ నేమ్‌స్పేస్‌లోకి (దానికి కనిపించే ఫైళ్ళ లోకం) వెళ్ళి, ఆ యూజర్‌గా మారి కే-లిస్ట్ కొట్టండి. పాత టికెట్ కనబడుతుంది.

కాష్‌ని టీఎంపీలో పెట్టకండి. యూనిట్‌లో రన్‌టైమ్‌డైరెక్టరీ (సర్వీస్‌కి సొంత డైరెక్టరీ తయారుచేసే సెట్టింగ్) పెట్టి, మోడ్ 0700 ఇచ్చి, కేఆర్‌బీ5సీసీనేమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ఆ డైరెక్టరీలోని ఫైల్‌కి చూపించండి. ప్రైవేట్‌టీఎంపీని మాత్రం తీసేయకండి, అది ఉండాల్సిందే.

క్రాన్ అసలు అవసరం లేదు. ఎంఐటీ 1.11 నుంచి క్లయింట్ కీట్యాబ్ అనే సదుపాయం ఉంది. కేఆర్‌బీ5_క్లయింట్_కేటీనేమ్ వేరియబుల్‌లో కీట్యాబ్ దారి ఇస్తే, క్రెడెన్షియల్ అడిగినప్పుడు కాష్ ఖాళీగా ఉన్నా, గడువు అయిపోయినా లైబ్రరీయే టికెట్ తెచ్చుకుంటుంది. అలా తెచ్చిన టికెట్ సగం కాలం దాటితే ముందుగానే కొత్తదానికి ప్రయత్నిస్తుంది, 10 గంటల టికెట్‌కి 5 గంటల దగ్గర. క్రాన్, ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ రెండూ తీసేయండి. తీశాక పాత కాష్ ఫైల్‌ని ఒకసారి చెరిపేయడం మర్చిపోవద్దు. కే-ఇనిట్‌తో చేత్తో నింపిన కాష్‌ని లైబ్రరీ తనదిగా చూడదు, సగం కాలానికి తాజా చేయదు.

వేరియబుల్స్ రెండూ యూనిట్ ఫైల్‌లోనే ఉండాలి. నడుస్తున్న ప్రోగ్రామ్‌లో థ్రెడ్లు మొదలయ్యాక ఎన్విరాన్‌మెంట్ మార్చడం ప్రమాదం: ఒక థ్రెడ్ రాస్తుండగా ఇంకో థ్రెడ్‌లో సీ లైబ్రరీ చదివితే క్రాష్ కావచ్చు. పైగా మార్పు ప్రాసెస్ మొత్తానికీ తగులుతుంది.

హ్యాండిల్_విడుదల:

88 గారు చెప్పింది కాష్ సంగతి. గ్లోబల్ ఆబ్జెక్ట్ అలాగే ఉంటే క్లయింట్ కీట్యాబ్ పెట్టినా మళ్ళీ ఇక్కడికే వస్తారు.

ఇక్కడ మూడు వేర్వేరు వస్తువులున్నాయి. కీట్యాబ్‌లో దీర్ఘకాలపు కీ ఉంటుంది, అది పాస్‌వర్డ్‌తో సమానం. కాష్‌లో టికెట్లు. జీఎస్ఎస్_ఎక్వైర్_క్రెడ్ ఇచ్చే హ్యాండిల్ (మీ క్రెడెన్షియల్ ఆబ్జెక్ట్ అదే) ఆ కాష్‌ని చూపించే గుర్తు మాత్రమే, తీసుకున్న క్షణంలో చూసిన గడువే దానికి గుర్తుంటుంది. క్లయింట్ కీట్యాబ్‌తో కొత్త టికెట్ తెచ్చే పని హ్యాండిల్ తీసుకునేటప్పుడు జరుగుతుంది. పొద్దున తీసుకున్న హ్యాండిల్‌ని రాత్రిదాకా పట్టుకుంటే ఆ పని ఎవరూ చేయరు.

కాబట్టి ప్రతి కొత్త కాంటెక్స్ట్‌కి (సర్వర్‌కి గుర్తింపు చూపే ఒక్కో సంభాషణ) ముందు హ్యాండిల్ కొత్తగా తీసుకోండి. కాష్‌లో టికెట్ ఉంటే ఇది ఫైల్ చదివినంత పనే, కేడీసీ (టికెట్లు ఇచ్చే సర్వర్) దాకా వెళ్ళదు. సెకనుకి వందల కాల్స్ ఉండి ఇదీ భారమనిపిస్తే, థ్రెడ్‌కో హ్యాండిల్ ఉంచుకుని కొన్ని నిమిషాలకోసారి పారేసి కొత్తది తీసుకోండి. సీలో అయితే ప్రతి హ్యాండిల్‌కీ జీఎస్ఎస్_రిలీజ్_క్రెడ్ తప్పనిసరి, లేకపోతే మెమరీ కారుతూనే ఉంటుంది. పైథాన్‌లో ఆబ్జెక్ట్ పోయినప్పుడు అదే జరిగిపోతుంది. హ్యాండిల్‌ని రిలీజ్ చేస్తే ఫైల్ కాష్ చెరిగిపోతుందని కొందరు భయపడి రిలీజ్ చేయరు. చెరగదు.

టెస్ట్ మెషీన్ సంగతి: పైథాన్-జీఎస్ఎస్ఏపీఐలో యూసేజ్ పారామీటర్ డిఫాల్ట్ విలువ "బోత్". అంటే కనెక్షన్ మొదలుపెట్టే పాత్రకీ, స్వీకరించే పాత్రకీ కలిపి అడుగుతున్నారు. స్వీకరించే పాత్రకి సర్వర్ కీట్యాబ్ కావాలి, అది డిఫాల్ట్‌గా ఈటీసీ కింద కేఆర్‌బీ5.కీట్యాబ్, రూట్‌కి తప్ప చదవడానికి వీల్లేదు. రెండింట్లో ఏది దొరక్కపోయినా మొత్తం విఫలమే. మీ డీమన్ క్లయింట్ మాత్రమే కాబట్టి "ఇనిషియేట్" అని స్పష్టంగా రాయండి. ప్రొడక్షన్‌లో నడుస్తోందంటే అక్కడ ఎవరో ఆ ఫైల్‌కి చదివే అనుమతి ఇచ్చేసి ఉంటారు. దాన్ని వెంటనే సరిచేయించండి, ఆ మెషీన్ హోస్ట్ కీ అందులోనే ఉంటుంది.

లాగ్‌లో ఏమీ లేదన్నారు. జీఎస్ఎస్_డిస్‌ప్లే_స్టేటస్‌ని రెండుసార్లు పిలవాలి: మేజర్ కోడ్‌కి ఒకసారి, మైనర్ కోడ్‌కి మెకానిజం రకంతో ఇంకోసారి. మీకు కనిపిస్తున్న వాక్యం మేజర్‌ది, అసలు కారణం మైనర్‌లో ఉంటుంది. అదీ చాలకపోతే కేఆర్‌బీ5_ట్రేస్ వేరియబుల్‌కి ఒక ఫైల్ పేరు ఇవ్వండి. ఏ కాష్ తెరిచింది, ఏ కీట్యాబ్ వెతికింది, కేడీసీ ఏమంది, అన్నీ వరుసగా రాస్తుంది. 

డీమన్_దాసు:

ప్రైవేట్‌టీఎంపీ ఆన్‌లోనే ఉంది. యూసేజ్ మార్చగానే టెస్ట్ మెషీన్ కూడా పనిచేసింది. ఇద్దరికీ ధన్యవాదాలు.

రెండు సందేహాలు. వెబ్ సర్వీస్‌కి వేరే ప్రిన్సిపల్‌తో (కెర్బరోస్‌లో గుర్తింపు పేరు) వెళ్ళమంటున్నారు, ఒకే ప్రాసెస్‌లో రెండు గుర్తింపులు కుదురుతాయా? కాష్‌ని డిస్క్ మీద కాకుండా మెమరీ రకంలో పెట్టొచ్చా? వచ్చే నెల రెండో సర్వర్ కూడా వస్తోంది, అక్కడ కీట్యాబ్ కొత్తగా తీసుకోవాలి.

హ్యాండిల్_విడుదల:

వెబ్ వైపు సులువు. పైథాన్‌లో స్టోర్ పారామీటర్‌కి క్లయింట్ కీట్యాబ్ దారి, విడి కాష్ పేరు ఇచ్చి, ప్రిన్సిపల్ పేరు కూడా ఇవ్వండి. అడుగున నడిచేది జీఎస్ఎస్_ఎక్వైర్_క్రెడ్_ఫ్రమ్, ఎన్విరాన్‌మెంట్ జోలికి పోదు. పేరు ఇవ్వకపోతే కీట్యాబ్‌లో మొదట ఉన్న ప్రిన్సిపల్‌ని తీసుకుంటుంది, రెండు కీలు ఒకే ఫైల్‌లో కలిపితే తప్పు పేరుతో వెళ్తారు.

పోస్ట్‌గ్రెస్ వైపు లిబ్‌పీక్యూకి (పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీ) హ్యాండిల్ అందించే దారి లేదు, డిఫాల్ట్ క్రెడెన్షియల్‌నే వాడుతుంది. అందుకని ఎన్విరాన్‌మెంట్‌లో పోస్ట్‌గ్రెస్ గుర్తింపు, స్టోర్‌లో వెబ్ గుర్తింపు. పోస్ట్‌గ్రెస్‌కే రెండు గుర్తింపులు కావాలంటే ప్రాసెస్‌లు విడదీయడమే మేలు.

మెమరీ కాష్ వెబ్‌కి భేషుగ్గా సరిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌కి మాత్రం, సైకోపీజీ2 (పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి వెళ్ళే లైబ్రరీ) బైనరీ ప్యాకేజీ వాడుతుంటే ఆగండి. అది తన సొంత కెర్బరోస్ లైబ్రరీని మోసుకొస్తుంది. ఒకే ప్రాసెస్‌లో రెండు లైబ్రరీ కాపీలు, ఒకదాని మెమరీ కాష్ ఇంకోదానికి కనబడదు. సోర్స్ నుంచి బిల్డ్ చేయండి, లేదా ఫైల్ కాష్‌తోనే ఉండండి.

పోర్ట్_88:

రెండో సర్వర్ దగ్గర జాగ్రత్త. కే-అడ్మిన్‌లో (కెర్బరోస్ నిర్వహణ కమాండ్) కేటీ-యాడ్ (కీట్యాబ్‌లో కీ చేర్చేది) కొడితే ఉన్న కీని బయటికి తీసి ఇవ్వదు, కొత్త కీ తయారుచేసి వెర్షన్ నంబర్ పెంచుతుంది. అదే ప్రిన్సిపల్‌కి రెండో సర్వర్‌లో కొడితే మొదటి సర్వర్ కీట్యాబ్ ఆ క్షణమే చెల్లదు. కానీ మొదటి డీమన్ వెంటనే పడిపోదు. చేతిలో ఉన్న టికెట్ ఇంకా చెల్లుతుంది, 5 గంటల దగ్గర కొత్తదాని ప్రయత్నం విఫలమైనా లైబ్రరీ పాతదాన్నే వాడుకుంటుంది. 10 గంటలు నిండాకే "ప్రీ-ఆథెంటికేషన్ ఫెయిల్డ్" బయటపడుతుంది. అప్పటికి గంటల ముందు కొట్టిన కేటీ-యాడ్‌ని ఎవరూ అనుమానించరు.

సర్వర్‌కో ప్రిన్సిపల్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. ఒకటే కావాలంటే ఒక చోట తీసి ఎస్‌సీపీతో కాపీ చేయండి. అక్కడ తాత్కాలిక పేరుతో దించి, ఓనర్‌ని డీమన్ యూజర్‌గా, మోడ్‌ని 0600గా మార్చి, ఆ తర్వాత అసలు పేరుకి మూవ్ చేయండి. సగం రాసిన ఫైల్‌ని డీమన్ చదవకుండా ఉంటుంది. కీట్యాబ్‌ని లైబ్రరీ అవసరమైనప్పుడల్లా తెరిచి చదువుతుంది, రీస్టార్ట్ అక్కర్లేదు.

పరీక్షించేటప్పుడు కే-ఇనిట్‌కి ఆప్షన్‌తో వేరే కాష్ పేరు ఇవ్వండి. లేకపోతే డీమన్ కాష్‌ని చేత్తో తిరగరాసినట్టవుతుంది, పైన చెప్పిన సగం కాలపు రిఫ్రెష్ ఆగిపోతుంది. వెర్షన్ నంబర్లు కలిశాయో లేదో కే-లిస్ట్‌ని కీట్యాబ్ ఆప్షన్‌తో రెండు మెషీన్లలోనూ కొట్టి చూసుకోండి.