ఎక్స్‌జెడ్ 5.6.1 తీసేశాక కూడా ఈ సర్వర్‌ను నమ్మవచ్చా?

పర్లాకిమిడిలో మా తెలుగు గ్రంథాలయ సభ్యుల వివరాలున్న డెబియన్ టెస్టింగ్ (డెబియన్ లినక్స్ పరీక్షా వెర్షన్) సర్వర్‌ (64 బిట్ ఇంటెల్) లోకి, 2024 మార్చి అప్‌డేట్‌తో, బ్యాక్‌డోర్ (రహస్య దొడ్డిదారి) దాచిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) 5.6.1 వచ్చింది, తర్వాత యంత్రాన్ని వాడకుండా పక్కన పెట్టడంతో అది అలాగే ఉండిపోయింది. ఆ బ్యాక్‌డోర్ పనిచేసేది ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే సేవ) ద్వారానే; ఆ మార్చిలో దాని పోర్ట్ 22 ఇంటర్నెట్‌కు తెరిచే ఉంది.

ఇప్పుడు నెట్ తీసేసి, పెన్‌డ్రైవ్ నుంచి బ్యాక్‌డోర్ లేని పాత ఎక్స్‌జెడ్ 5.4.5 వేసి, పాస్‌వర్డ్‌లూ ఎస్‌ఎస్‌హెచ్ కీలూ మార్చాను. లాగ్‌లలో తెలియని లాగిన్ ఏదీ లేదు. కానీ ఈ దారిన వచ్చినవారు లాగిన్ కాకుండానే ఆదేశాలు నడపగలరు కనుక దానితో ధైర్యం చాలడం లేదు. డెబ్‌సమ్స్‌తో (ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల ఫైళ్లు మారాయేమో చూసే సాధనం) సరిచూస్తే ఫైళ్లలో తేడా రాలేదు, అయితే అదీ అనుమానమున్న యంత్రమే ఇచ్చిన సాక్ష్యం.

డేటాబేస్ మాత్రం బయటకు తీసుకుని, డిస్క్ మొత్తం తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం తప్పనిసరా, లేక అలా చేయకుండానే ఈ సర్వర్ శుభ్రంగా ఉందని నిర్ధారించుకునే నమ్మకమైన మార్గం ఉందా?