మోసుల్‌లో కరెంటు లైన్ పనికి తమ్ముణ్ణి పంపొచ్చా?

నమస్కారం. మాది జగిత్యాల దగ్గర పల్లె. తమ్ముడు పదేళ్లుగా కరెంటు స్తంభాలెక్కే పని చేస్తున్నాడు. ఇరాక్‌లోని మోసుల్ దగ్గర, యుద్ధంలో కూలిన టవర్లు మళ్లీ నిలబెట్టే విదేశీ కంపెనీలో పని ఉందని ఒక ఏజెంటు వచ్చాడు. లక్షన్నర అడుగుతున్నాడు. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు కదా? విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్ ఊసే లేదు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటున్నాడు. కాగితంలో లైన్‌మన్ బదులు హెల్పర్ అని ఉంది, జీతం గడి ఖాళీ. 2014లో మోసుల్‌లో ఐసిస్ ఉగ్రవాదులు ఎత్తుకెళ్లిన 39 మంది మన కూలీలు ప్రాణాలతో రాలేదు. అమ్మ అదే తలచుకుని అన్నం ముట్టట్లేదు. టవర్ల కింద మందుపాతరలుంటే పనికి ముందు ఎవరు తీస్తారు? అక్కడ పనిచేసి వచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. ఆదివారంలోగా డబ్బు కట్టమంటున్నాడు.