కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకు సైకిల్ దారి: మెయిన్ రోడ్డు పక్కనా, గల్లీల్లోనా?

మూసాపేట్ వాసి:
సైకిల్ దారుల మాట వచ్చినప్పుడల్లా అందరూ మెయిన్ రోడ్డు మీద ట్రాకే అడుగుతారు. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకు పోయే మెయిన్ రోడ్డు ముంబై హైవే. దానికి అటూ ఇటూ ఉన్న కాలనీ రోడ్లను కలిపి, బోర్డులు పెట్టి, బండ్ల వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకుండా చూస్తే చాలని నేనంటాను. బండ్లు అంత నెమ్మదిగా నడిచే చోట వేరే ట్రాక్ అక్కర్లేదు. మీరేమంటారు?

హైటెక్ పెడల్:
ఒప్పుకోను. 2023లో ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు పక్కన వేసిన సోలార్ సైకిల్ ట్రాక్ చూడండి. 23 కిలోమీటర్లు, 4.5 మీటర్ల వెడల్పు, ఎండ తగలకుండా పైన సోలార్ పలకలు. అలాంటిది ఉంటేనే కొత్తవాళ్లు ధైర్యంగా బయటికొస్తారు.

మూసాపేట్ వాసి:
బాగుంది, కాదనను. కానీ అక్కడికి సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వెళ్లేవాళ్లున్నారు కదన్నా. అది వ్యాయామానికి దారి. బాలానగర్ ఫ్యాక్టరీ షెడ్డుకు డ్యూటీకి పోయే మనిషికి ఔటర్‌తో ఏం పని?

పాతబస్తీ భాయ్:
మెయిన్ రోడ్డు మీద ట్రాక్ వేస్తే తెల్లారేసరికి అందులో నాలుగు ఆటోలు, ఒక బజ్జీల బండి. కార్లు రాకుండా స్తంభాలు పాతినా, సైకిల్ పట్టే సందులో స్కూటీ కూడా పడుతుంది. ఇంకోటి, కూడళ్లు మూసి యూటర్న్‌లు పెట్టిన చోట రోడ్డు దాటాలంటే సైకిల్ మనిషి బస్సుల మధ్య నుంచి కుడి కొసకు పోవాలి, మలుపు తిరిగి మళ్లీ ఎడమకు రావాలి. అది చేతకాకే రాంగ్ సైడ్‌లో వస్తున్నాడు. చలానాలతో ఆగేది కాదది.

నైట్‌షిఫ్ట్ అమ్మాయి:
అందరూ పగటి లెక్కే వేస్తున్నారు. రాత్రి పదింటికి గల్లీలో ఒక్కదాన్నే తొక్కాలంటే నాకు టెన్షన్. కుక్కలు వెంటపడితే వేగంగా పోదామన్నా అడుగడుక్కీ స్పీడ్ బ్రేకర్. మెయిన్ రోడ్డు మీద కనీసం లైట్లుంటాయి, మనుషులుంటారు.

మూసాపేట్ వాసి:
లైట్ల సంగతి నిజమే. దూరమైనా సరే, చీకటి గల్లీని రూట్‌లో కలపకూడదు.
నన్నడిగితే అసలు చిక్కు రైలు పట్టాలు. ఇటు మూసాపేట్ గల్లీలు, అటు సనత్‌నగర్, బల్కంపేట లోపలి రోడ్లు తొక్కడానికి పనికొస్తాయి. మధ్యలో పట్టాలొచ్చి అన్నీ తెగిపోతాయి. దాటాలంటే భరత్‌నగర్ బ్రిడ్జే ఎక్కాలి, లేదంటే ఫతేనగర్ మీదుగా చుట్టు తిరగాలి. ఎక్కుడులో సైకిల్ నెమ్మదిస్తుంది, వెనక వచ్చే లారీ నెమ్మదించదు. వాన పడితే నీళ్లు నిలిచేదీ మనం తొక్కే ఎడమ అంచునే. ఊరంతా రోడ్లకు రంగు పూసే డబ్బుతో ముందు ఆ బ్రిడ్జి మీద ఎడమవైపు సైకిళ్లకు వేరే దారి ఉండేలా, లారీలకు సైకిళ్లకు మధ్య గట్టి అడ్డు కట్టమనండి.

హైటెక్ పెడల్:
అంటే చివరికి మీరూ మెయిన్ రోడ్డు మీద ట్రాకే అడుగుతున్నారు!

మూసాపేట్ వాసి:
అవును, గల్లీ తెగిన చోట. మిగతా చోట్ల వద్దు.

బస్ డిపో మామ:
సిటీ బస్సు నడిపిన మనిషిగా ఒక మాట. ట్రాక్ ఎక్కడ వేసినా స్టాపు దగ్గర దాన్ని షెల్టర్ వెనక నుంచి తిప్పండి. లేకపోతే ప్రతి బస్సూ దాని మీదుగానే ఆగుతుంది. జాగా ఎక్కడిదంటే కార్పొరేషన్‌నే అడగాలి.

నైట్‌షిఫ్ట్ అమ్మాయి:
బ్రిడ్జి మాటకు సరే. పోయేటప్పుడు సనత్‌నగర్ ఎడమ చేతికే వస్తుంది, బాధ లేదు. తిరిగొచ్చేటప్పుడో? బ్రిడ్జి ఎక్కాలంటే ముందు హైవే దాటి అవతలి వైపు చేరాలి. బ్రిడ్జికి అమీర్‌పేట వైపున్న ఎర్రగడ్డ దగ్గర డివైడర్‌ను ఎక్కడ దాటిస్తారో చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడదాం.