ఎండలొచ్చినా వేళ్ల పగుళ్లు మానడం లేదు, ఏం చేయాలి?

ఉగ్గాని_బజ్జి (అనంతపురం):

అందరికీ నమస్కారం. ఇంట్లోనే వండి పది పన్నెండు క్యారియర్లు పంపుతాను. పొద్దున నాలుగున్నరకు మొదలుపెడితే పదకొండు దాకా బియ్యం కడగడం, కూరగాయలు, బోకులు తోమడం, అంతా నీళ్లలోనే. డిసెంబర్‌లో చేతులు ఎండిపోయి పొట్టు లేస్తుంటే చలి కదా అనుకుని కొబ్బరినూనె రాసుకుంటూ వచ్చాను. ఇప్పుడు మార్చి, అనంతపురం ఎండ సంగతి చెప్పే పనిలేదు, అయినా తగ్గలేదు. ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఈ మూడింటి కొసలు మాత్రం బ్లేడుతో గీసినట్టు చీలాయి. కుడి చేయి గరుకుగా ఉంది గానీ పగల్లేదు. నిన్న ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు పిండి, ఆ చేత్తోనే పచ్చిమిర్చి ముట్టుకుంటే ప్రాణం పోయినంత పనైంది. రేషన్‌కు పోతే మిషన్ నా వేలిముద్ర నాలుగుసార్లు పెట్టినా తీసుకోలేదు, చివరికి ఉంగరం వేలికి పడింది.

మాది బోరు నీళ్లు, బకెట్ అంచుకు తెల్లగా సుద్ద పడుతుంది. మందుల షాపులో ఒక ట్యూబ్ ఇచ్చారు, రాసిన మూడు రోజులకే నున్నగా అయింది, మానేస్తే వారానికి ముందుకంటే ఎర్రగా వచ్చింది. మళ్లీ అదే కొనాలా? పని మానే పరిస్థితి లేదు.

వార్డు_డ్యూటీ (కర్నూలు):

అక్కా, ముందు ఆ ట్యూబ్ మళ్లీ కొనొద్దు. వెనక రాసిన పేర్లు చదవండి, క్లోబెటసాల్ అనో బీటామెథసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. డాక్టర్ చూసి ఇన్ని రోజులు అని లెక్క చెప్పి ఇస్తే మంచి మందే, మనంతట మనం నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. ఇంకో సంగతి, మీ పాదాలు చూసుకోండి. రెండు అరికాళ్లు, ఒక్క అరచేయి పొట్టు లేస్తుంటే అది పొడిబారడం కాదు, తామర (ఫంగస్) కావచ్చు. దాని మీద స్టెరాయిడ్ పడితే దురద తగ్గినట్టే ఉండి లోపల పాకుతుంది.

నేను నర్సుని, రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుగుతానో లెక్కలేదు, కరోనా టైమ్‌లో నా వేళ్ల కణుపులు రక్తం కారాయి కాబట్టి ఈ బాధ తెలుసు. మన చర్మం కొద్దిగా పులుపు గుణం ఉన్నది, పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. సబ్బు బిళ్ల 9, 10 దాకా, అంటే పులుపుకు ఎదురు క్షారం వైపు ఉంటుంది. పైగా మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, వాటితో సబ్బు కలిసి నురగ రాకుండా జిడ్డు తెట్టెలా చేతికి అంటుకుంటుంది, నురగ రాలేదని మనం ఇంకాస్త రుద్దుతాం. చర్మంలో తేమను పట్టి ఉంచే కొవ్వు అంతా అట్లా పోతుంది.

నాకు పనిచేసింది ఇదీ: కడిగాక గుడ్డతో అద్దుకుని, చేయి ఇంకా కొంచెం చెమ్మగా ఉండగానే, అంటే రెండు మూడు నిమిషాల్లోపు, వాసన లేని మామూలు వాజలిన్ పల్చగా. రోజుకొకసారి దట్టంగా రాయడం కాదు, తడిసిన ప్రతిసారీ. యూరియా 10 శాతం క్రీమ్ గట్టిపడిన చోట బాగుంటుంది గానీ చీలిన చోట మండుతుంది, పగులు మూసుకున్నాక వాడండి.

మగ్గం_గుంత (ధర్మవరం):

పై అక్క చెప్పింది నిజం. మాకు ఇది బతుకుదెరువు సమస్య, వేలి మీద చిన్న పొర లేచినా పట్టు పోగు దానికి తగులుకుని లేస్తుంది, చీర మీద ఆ చోటు తెలిసిపోతుంది. అందుకే మా ఇంట్లో రాత్రి పడుకునే ముందు వాజలిన్ రాసి పాత నూలు బనీను గుడ్డతో కుట్టిన తొడుగులు వేసుకుంటారు. నేను మొదట నవ్వాను, వారం వేసుకున్నాక ఇప్పటికీ వదల్లేదు. నిమ్మచెక్క, చక్కెర కలిపి రుద్దమని ఎవరైనా చెబితే వినొద్దు, పగిలిన చేతికి నిమ్మరసం ఏంది! బోకులకు రబ్బరు గ్లౌజులు వాడితే లోపల నూలువి వేసుకోండి, లేకుంటే చేయి చెమటకు నాని ఇంకా పాడవుతుంది.

ఎర్రకారం (కడప):

అమ్మా, ఒక్క మాట అడుగుతా. మీరు కుడిచేతి వాటమా? తెల్లగడ్డలు రోజుకు ఎన్ని ఒలుస్తారు? ఎడమచేతి మూడు వేళ్ల కొసలే అన్నారు చూడండి, అక్కడే నాకు అనుమానం. గడ్డ పట్టుకునేది ఎడమ చేయి, కత్తి కుడి చేయి. మా అమ్మకు అచ్చం ఇట్లే, రెండేళ్లు నీళ్లనీ సబ్బునీ తిట్టుకున్నాం. చర్మం డాక్టర్ ఏది పడదో తేల్చడానికి వీపు మీద ఒక్కో పదార్థం పెట్టిన చిన్న చిన్న బిళ్లలు అంటించి రెండు రోజులు తడవనీయొద్దన్నారు, తీశాక ఒకసారి, ఇంకో రెండు రోజులకు ఒకసారి చూశారు, తెల్లగడ్డ బిళ్ల దగ్గర ఎర్రగా పొంగింది. దాంట్లో ఉండే డైఅలైల్ డైసల్ఫైడ్ అనే పదార్థం చాలా రకాల గ్లౌజుల్లోంచి కూడా దిగుతుందంట. మా నాన్న తాపీపని, ఆయనకు సిమెంట్‌లోని క్రోమియం పడదు, అదీ ఇదే పరీక్షలో తేలింది. వాజలిన్ రాయండి, కానీ ముట్టుకునేది ఆపకుంటే అది ఒక్కటే ఏం చేస్తుంది?

ఉగ్గాని_బజ్జి (అనంతపురం):

మూడు వారాల తర్వాత రాస్తున్నా. కడప తమ్ముడూ, కుడిచేతి వాటమే, రోజుకు పావు కేజీ దాకా ఒలుస్తాను, కారంపొడి చేసిన రోజు అరకేజీ. ఇన్నేళ్లలో ఏ చేత్తో పట్టుకుంటున్నానో ఎప్పుడూ చూసుకోలేదు, మీరు రాసింది చదివి వంటింట్లోకి పోయి ఒక గడ్డ పట్టుకుని చూస్తే సరిగ్గా ఆ మూడు వేళ్లే! ఒలిచే పని మా ఆయనకిచ్చాను, పొద్దున టీ తాగుతూ ఒలిచిపెడుతున్నాడు. పాదాలు చూశాను, బాగానే ఉన్నాయి. పొయ్యి గట్టు మీద వాజలిన్ డబ్బా, మెత్తటి గుడ్డ పెట్టుకున్నా, కడిగిన ప్రతిసారీ రాస్తున్నా.

చూపుడు వేలు, మధ్యవేలు మూసుకున్నాయి, బొటనవేలి మీద గోరు పక్కన ఒక గీత ఇంకా ఉంది, పుల్లటి పెరుగు తగిలితే చురుక్కుమంటుంది. సోమవారం చర్మం డాక్టర్ దగ్గరికి పోతున్నా, ఆ ట్యూబ్ కూడా పట్టుకుపోతా. తమ్ముడూ, మీ అమ్మగారు తెల్లగడ్డ తినడం కూడా మానేశారా, లేక ఉడికినది పడుతుందా? అది తెలిస్తే చెప్పండి, మా ఇంట్లో అది లేని పప్పు ఎవరూ ముట్టరు.

ఎర్రకారం (కడప):

ఉడికింది తింటుందమ్మా, ఏం కాలేదు ఆమెకు. పచ్చిది చేత్తో ముట్టుకోవడమే మానేసింది. మీకెట్లా అనేది డాక్టర్‌నే అడగండి.