అగడ్త ఎక్కడి మాట?

కోట చుట్టూ రక్షణ కోసం తవ్విన కందకాన్ని అగడ్త అంటాం. ఆ మాట అగాధం నుంచి పుట్టి ఉంటుందని ఒకరు రాశారు. వినడానికి బాగానే ఉంది గానీ ఆ రెంటికీ చుట్టరికం లేదండీ. అగాధం సంస్కృతం. గాధం అంటే కాలు ఆనేంత లోతు, అది లేనిది అగాధం. అగడ్తలో ఉన్నది లోతు కాదు, తవ్వడం.

తమిళంలో 'అగళ్' అంటే తవ్వు (ఆ చివరి ళ, 'తమిళ్' అన్న పేరు చివర వాళ్లు పలికే ళ). కోట చుట్టూ తవ్వినది అగళి. పురావస్తు తవ్వకాల వార్తల్లో వాళ్లు రాసే 'అగళాయ్వు'లో ఉన్నదీ ఈ అగళే. పాత కన్నడంలో అగళ్, అగళ్తె రెండూ ఉన్నాయి, ఇప్పటి కన్నడంలో 'అగె' అంటే తవ్వడమే. ఆ ళ తెలుగులో చాలాచోట్ల డ అయింది: వాళ్ల ఏళు మన ఏడు, వాళ్ల కోళి మన కోడి. ఇక చివరి 'త' మనకు బాగా తెలిసిందే, కోయు-కోత, మేయు-మేత, నేయు-నేత. అంటే అగడ్త అన్నా తవ్వకం అన్నా మొదట ఒకటే, తర్వాత తవ్విన చోటికే అది పేరైపోయింది. నాకు బాధ కలిగించే సంగతేమిటంటే, తమిళ కన్నడాల్లో క్రియ బతికే ఉంది, మన దగ్గర మాత్రం క్రియ పోయి ఈ నామం ఒక్కటే మిగిలింది, అందుకే దీని పుట్టుక మనకు తట్టదు.

అగడ్తకు సంస్కృతంలో ఉన్న పేరు పరిఖ, అదీ అంతే. పరి అంటే చుట్టూ, 'ఖన్' అంటే తవ్వు. కందకం పారసీకం వైపు నుంచి వచ్చింది, అక్కడ 'కందన్' అంటే తవ్వడం. అది అరబ్బీలో ఖందక్ అయింది, 627లో మదీనా రక్షణకు తవ్వినదాన్ని ఆ పేరుతోనే చెప్పుకుంటారు. మూడు భాషలూ ఆ గోతిలోని నీళ్లను చూసి కాకుండా, దాన్ని తవ్విన పనిని చూసి పేరు పెట్టాయి.

అలా ఎందుకో కౌటిల్యుడి అర్థశాస్త్రం చదివితే తెలుస్తుంది. కోట చుట్టూ మూడు పరిఖలు, 14, 12, 10 దండాల వెడల్పుతో తవ్వమంటాడు. దండమంటే సుమారు ఆరడుగులు, అంటే ఒక్క మొదటిదే 80 అడుగులు దాటుతుంది! తవ్వగా వచ్చిన మట్టితోనే లోపలివైపు వప్రం, అంటే మట్టికట్ట, 6 దండాల ఎత్తున వేసి ఏనుగులతో, ఎద్దులతో తొక్కించి గట్టిపరచమంటాడు. అంటే గొయ్యీ గోడా ఒకే పనిలో తయారవుతాయి. ఓరుగల్లులోనూ మట్టికోట బయట ఒక అగడ్త, లోపలి రాతికోట చుట్టూ ఇంకొకటి ఉంటాయి.

ఈ రోజుల్లో పొలంలో వాన నీటికి తీసేదీ కందకమే, అడవి అంచున ఏనుగులను ఆపడానికి తీసేదీ కందకమే. ఆ మాట అన్నిటికీ సరిపోతోంది కాబట్టి అలాగే వాడుకుందాం. కోట గురించి రాసేటప్పుడు మాత్రం అగడ్త అనే రాయండి, దయచేసి.