దక్షిణ ధ్రువ–ఎయిట్‌కెన్ బేసిన్‌లో మాంటిల్ రాళ్లు ఎందుకు కనిపించడం లేదు?

ప్రశ్న – వెన్నెలబాట:
చంద్రుని ఆవలి వైపున సుమారు 2,500 కిలోమీటర్ల వెడల్పున ఉన్న దక్షిణ ధ్రువ–ఎయిట్‌కెన్ బేసిన్ గురించి చదువుతున్నాను. అంతటి గొయ్యి పడినప్పుడు పైపొర తొలగి, దాని అడుగునున్న మాంటిల్ బయటపడి ఉండాలి కదా? మరి అక్కడ మాంటిల్ రాయి ఉందని ఎవరూ ఖాయంగా ఎందుకు చెప్పడం లేదు? చంద్రయాన్-3 దిగినది ఈ బేసిన్‌లోనేనని కొందరు అంటున్నారు, అది నిజమేనా?

జవాబు – రాతిపొర:
చివరి ప్రశ్న తేలిక. చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ 2023 ఆగస్టు 23న దిగినది మనకు కనిపించే వైపునే, బేసిన్ అంచుకు దాదాపు 350 కిలోమీటర్ల బయట. అయితే దాని రోవర్ ప్రజ్ఞాన్ పరిశీలించిన మట్టిలో మెగ్నీషియం అధికంగా ఉన్న ఖనిజాలు ఊహించినదానికన్నా ఎక్కువగా కనిపించాయి. బేసిన్ ఏర్పడినప్పుడు లోతుల నుంచి ఎగిరిపడిన పదార్థం అక్కడి మట్టిలో కలిసి ఉండవచ్చునని 2024లో శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు.

ఇక మాంటిల్ సంగతి. అంత పెద్ద తాకిడిలో రాయి పగలడమే కాదు, అపారంగా కరుగుతుంది కూడా. ఆ కరిగిన రాయి చల్లారుతూ మళ్లీ కొత్త ఖనిజాలుగా గడ్డకడుతుంది కనుక, అది మొదట మాంటిల్‌దో పైపొరదో చెప్పడం కష్టమవుతుంది. ఆపైన కోట్ల ఏళ్ల పాటు లావా, చిన్న తాకిడుల ధూళి దానిని కప్పేశాయి.

జవాబు – దూరదర్శిని:
పై వివరణకు మంచి ఉదాహరణ 2019 నాటిదే. ఆ జనవరిలో ఈ బేసిన్‌లోని వాన్ కార్మన్ బిలంలో దిగిన చైనా నౌక చాంగ్-ఎ 4 రోవర్ యుటు-2కు ఆలివీన్, కాల్షియం తక్కువైన పైరాక్సీన్ అనే ఖనిజాల ఆనవాళ్లు కనిపించగా, పరిశోధకులు వాటిని మాంటిల్‌కు ముడిపెట్టారు. ఆ పదార్థం పక్కనున్న ఫిన్సెన్ బిలం నుంచి వచ్చి పడినదని, కరిగి గట్టిపడిన రాయి కూడా అలాగే కనిపించగలదని మరికొందరు వాదించారు. నాకు ఈ రెండవ వాదనే బలంగా తోస్తుంది.

జవాబు – రాతిపొర:
నాకూ అంతే. 2024 జూన్‌లో చాంగ్-ఎ 6 ఈ బేసిన్‌లోని అపోలో బిలం నుంచి 1,935.3 గ్రాముల మట్టిని భూమికి తెచ్చింది. అందులోని, ఆ తాకిడిలో కరిగి గడ్డకట్టిన నోరైట్ అనే రాతి ముక్కలను బట్టి బేసిన్ వయసు 425 కోట్ల ఏళ్లని లెక్కగట్టారు. 280 కోట్ల ఏళ్ల నాటి బసాల్టు ముక్కలైతే మాంటిల్ కరిగి పైకి వచ్చిన లావాయే కాబట్టి, మీరు అడిగిన మాంటిల్ గురించి ప్రస్తుతానికి ఎక్కువ చెబుతున్నవి అవే: ఆవలి వైపు మాంటిల్‌లో నీరు ఈవలి వైపుకన్నా తక్కువ కావచ్చునని వాటి నుంచే తెలిసింది.